స్టీలు బిళ్ళల మీద నా ఉద్యోగం

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, దానిమీద తన సన్న మడమల చెప్పుల జతను బోర్లా పడుకోబెట్టి, చేతిలో పటకారుతో, ఎదురుగా ఫోనులో నడుస్తున్న వీడియోతో, గుండె ఆపరేషను చేస్తున్నంత శ్రద్ధగా మడమ కింద అరిగిపోయిన బిళ్ళను పీకుతుంటే నేను కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అవి ఆషామాషీ చెప్పులు కావు. లోపల బంగారు రంగు అక్షరాలతో ఏదో విదేశీ దొరగారి పేరుంది, దాన్ని నేను పలకబోతే మా అమ్మాయి మూడుసార్లు సరిదిద్ది నాలుగోసారి నన్ను వదిలేసింది.

"ఐదు నిమిషాలమ్మా, అయిపోతది," అంది తలెత్తకుండానే. నిజంగానే అయిపోయింది. పెట్టెలో వచ్చిన రబ్బరు బిళ్ళల్లోంచి సరైన సైజు ఏరి, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, చేతులు కడుక్కుని ఉప్మా తినడానికి పోయింది. ఇదే పని ఒకప్పుడు ఉప్పల్ నుంచి నాచారం దాకా ఎంతమందిని ఉరుకులు పెట్టించిందో గుర్తొచ్చి నా కాఫీ మాత్రం చల్లారిపోయింది. మా అమ్మాయికి చెబితే నమ్మదు. నమ్మేది మన ఈడువాళ్ళే గనక మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది ఉప్పల్లో ఒకప్పుడు జొన్నలు పండించిన కుటుంబం. పొలం పోయి ప్లాట్లయ్యాక ఇంట్లో అందరూ తలో పనిలో పడ్డారు, నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో రిసెప్షన్‌లో చేరాను. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తామన్నారు. మా ఇంట్లో నెలనెలా జీతం తెచ్చే మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, మా వాడకట్టు మొత్తం ఆ ఆరు నెలలను పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూసింది.

ఉద్యోగంలో అన్నీ బాగానే ఉండేవి, కౌంటరు తప్ప. దాన్ని చేసిన వడ్రంగి తాటిచెట్టంత మనిషట, తన ఛాతీని కొలతగా పెట్టుకుని కోటగోడలాగా కట్టి పోయాడు. దేవుడు నన్ను చేసేటప్పుడు మట్టి తక్కువ పడిందేమో, దాని వెనక నేను నిలబడితే వచ్చినవాళ్ళకు నా పాపిటా, బొట్టూ తప్ప ఏమీ కనిపించేవి కావు. చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దమనిషి బల్లమీద గంట కొట్టి, నేను లోపల్నుంచి నమస్కారం సార్ అనగానే అదిరిపడి, కౌంటరు మాట్లాడిందనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. మా మేనేజరు కోస్తా వైపు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. నన్ను పిలిచి, "అమ్మాయ్, గొంతు బాగుంది, ఇంగ్లీషు బాగుంది, మనిషివే కనబడటం లేదు. ఏదో ఒకటి చూసుకో," అన్నారు. ఆయన సొరుగులో నాకంటే జానెడు పొడవున్న అమ్మాయి దరఖాస్తు ఉందని టైపిస్టు చల్లగా నా చెవిన వేసింది.

ఆ గండం గట్టెక్కించింది మా అమ్మ కుట్టుమిషను. సైనిక్‌పురిలో ఒక కల్నలుగారి భార్యకు అమ్మ జాకెట్లు కుట్టేది. వాళ్ళకు బదిలీ అయి సామాన్లు కట్టేటప్పుడు ఆవిడ నా గోడు విని, ఒక్కసారి కూడా సరిగ్గా తొడగని తన నల్ల చెప్పుల జత ఇచ్చేసింది. దాని మడమ ఎంత సన్నమంటే, దానిమీద నిలబడటమంటే రెండు అగరుబత్తుల మీద గుమ్మడికాయను నిలబెట్టడమే. నేను పదిహేను రోజులు మా వంటింటి గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాను. ఇంట్లో రెండు మట్టి కుండలు, ఒక జాడీ నా చదువుకు బలైపోయాయి. పదహారో రోజు కౌంటరు వెనక నేను మెడ దాకా ఉదయించాను. మేనేజరు చూసి తల పంకించారు.

అయిదు నెలలు ఆ చెప్పులే నా ఎత్తు, నా పరువు, నా ఉద్యోగం. ఆరో నెలలో మడమ కింది రబ్బరు బిళ్ళలు అరిగి, లోపలి మేకులు బయటికొచ్చాయి. ఆఫీసు హాల్లో పరిచిన కొత్త వినైలు షీటు నిండా చిల్లులు పడ్డాయి. మేనేజరు ఆ చుక్కలను హాలు గుమ్మం దగ్గర మొదలుపెట్టి, వంగి వంగి, దొంగ అడుగులు పట్టే పోలీసులాగా వెంబడించి, సరిగ్గా నా కాళ్ళ దగ్గర తలెత్తారు. గురువారం విదేశాల నుంచి కొనుగోలుదారులు వస్తున్నారని, వాళ్ళకు హారతిచ్చి లోపలికి తీసుకెళ్ళాల్సింది నేనేనని, ఆలోపు ఆ మేకుల సంగతి చూడాలని, నా పర్మనెంటు కాగితం ఆ తర్వాతే కదులుతుందని మెత్తగానే చెప్పారు. అది మంగళవారం.

సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో పెద్ద నల్ల గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే కాకా దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెప్పును ఎత్తి, ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూశాడు.

"ఇదేం మడిమె బిడ్డా, అగ్గిపుల్లనా? నా తాన ఉన్న టైరు రబ్బరు దీనికి ఆగది. గట్టి రబ్బరు దేవాలె. శుక్రారం రా."

"గురువారమే పెద్దోళ్ళొస్తున్నరు కాకా. నా నౌకరి ఉంటదో ఊడ్తదో గప్పుడే తెలుస్తది."

"గట్లయితే గా ఒక్క దినం హవాయి చెప్పులేస్కపో, ఏమైతది?"

కౌంటరు సంగతి తెలియని మనిషికి ఏం చెప్పగలను? ఏడుపు మొహంతో ఇంటికొస్తే మా అక్కా బావా వచ్చి ఉన్నారు. మా బావ నాచారంలోనే ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో లేత్ మిషన్ మీద టర్నరు. వెంట్రుకను ఎనిమిది చీలికలు చేసి ఎనిమిదింటికీ మరలు వేయగలనని నమ్మేవాడు. ఆయన నమ్మడమే కాదు, మా అక్కతో సహా అందరం నమ్మేవాళ్ళం. నా కథ విని చెప్పును చేతిలోకి తీసుకుని, మడమను తన చేతివాచీ పక్కన పెట్టి కొలత చూసి, నవ్వాడు.

"రబ్బరేంది మరదలా, నాసిరకం! స్టీలుతోని జేసిస్త. జిందగీల అరగది. నీ మనుమరాలు గూడ తొడుక్కుంటది."

"దానికింక పెండ్లే కాలే, మనుమరాలు యాడికెల్లొచ్చింది? ముందుగాల గురువారం సంగతి సూడు," అంది అక్క.

చెప్పులు బావ చేతికిచ్చి నేను సెలవు పెట్టిన ఆ బుధవారం మధ్యాహ్నం, భోజనాల గంటలో ఆ యూనిట్‌లో ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదని తర్వాత విన్నాను. ఫోర్‌మన్ స్వయంగా సుద్దముక్కతో నేలమీద డ్రాయింగు గీశాడట. మైక్రోమీటరుతో మేకు దిగే రంధ్రాన్ని కొలిచారట. ఒకరు స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్డు తెస్తే, ఒకరు నూనె పోస్తే, మా బావ ఊపిరి బిగబట్టి రెండు బిళ్ళలు తీశాడట. రాకెట్టుకు సామాను చేసినా అంత హడావిడి ఉండదు. వాటిని మడమల్లోకి ఇంక ఊడిరాకుండా బిగించి, మొహం కనబడేదాకా పాలిష్ పట్టి, సాయంత్రం మా ఇంటికి గుడ్డలో చుట్టి తెచ్చాడు. షిఫ్టులో ఉన్న వాళ్ళందరూ బొటనవేలితో తడిమి చూసి పాసు చేశాకే పంపారని గర్వంగా చెప్పాడు. మా ఇంటి షాబాదు బండల మీద నడిచి చూశాను, బ్రహ్మాండంగా ఉన్నాయి. షాబాదు బండ గరుకుగా ఉంటుందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

గురువారం పొద్దున ఆఫీసు గుమ్మం దాటి, అతిథుల కోసం వరండా పొడుగునా కొత్తగా వేయించిన గ్రానైటు మీద అడుగు పెట్టగానే టక్కుమని మోగింది చూడండి, బారాత్‌లో పెళ్ళికొడుకు గుర్రం దారి తప్పి మా ఆఫీసులోకి వచ్చిందేమోనని అకౌంట్స్ వాళ్ళంతా లేచి నిలబడ్డారు. సరే, మోత భరించవచ్చు అనుకున్నాను. రెండో అడుగుకు కాలు నా మాట వినడం మానేసింది. గోడ పట్టుకుని కౌంటరు చేరి, అతిథులు రాకుండా ఉంటే బాగుండునని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను.

వాళ్ళు సరిగ్గా పది గంటలకు వచ్చారు, ముగ్గురు. ఒక్కొక్కరూ ఆ కౌంటరు చేసిన వడ్రంగికి అన్నల్లాగున్నారు. హారతిచ్చాను, బొట్టు పెట్టాను, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని దారి చూపిస్తూ వరండాలోకి తిరిగాను. అంతే. ఇక నడిచింది నేను కాదు. మేనేజరుగారిని దాటాను, మీటింగు హాలు తలుపు దాటాను, చిరునవ్వు చెదరకుండా, పళ్ళెంలో కుంకుమ ఒలకకుండా, నిటారుగా, పట్టాల మీద వెళ్ళే బండిలాగా సాగిపోయి, చివరి క్రోటన్ కుండీని కౌగిలించుకుని ఆగాను.

వెనక్కి తిరిగి చూస్తే మేనేజరు మొహంలో ఆ పొడుగు అమ్మాయి దరఖాస్తు స్పష్టంగా కనబడింది. ఇంకొక్క అడుగు వేస్తే ఎముకలతోపాటు ఉద్యోగమూ పోతుంది. ఇక దాచుకోవడానికి ఏముందని అక్కడే వంగి రెండు చెప్పులూ విప్పి, గోడవారగా పక్కపక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో వెనక్కి నడిచొచ్చి, హాలు తలుపు తీసి, లోపలికి రండి అని వంగి నమస్కారం చేశాను.

ఆ ముగ్గురూ నా చెప్పుల వైపు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మందుల ఫ్యాక్టరీల్లో మందు తయారయ్యే గదుల ముందు బూట్లు విప్పించడం వాళ్ళకు తెలిసిందే. ఇక్కడ ఆఫీసుకు కూడా అదే నియమం కాబోలనుకుని, మారుమాట లేకుండా గోడకు ఆనుకుని లేసులు విప్పి, పడవల్లాంటి బూట్లను నా చెప్పుల పక్కన వరసగా పెట్టారు. కొనేవాళ్ళే విప్పాక అమ్మేవాళ్ళు ఎలా ఆగుతారు? కంపెనీలో పెద్దలంతా విప్పారు. చివరికి మా మేనేజరూ విప్పారు. ఎడమకాలి సాక్సులోంచి ఆయన బొటనవేలు బయటికి తొంగిచూసి, విదేశీ ప్రతినిధుల ముందు హాజరు వేయించుకుంది. అటుగా వచ్చిన వాచ్‌మన్ ఆ చెప్పుల వరస చూసి, ఏం పూజ జరుగుతుందో తెలియకపోయినా, కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు.

సాయంత్రం మేనేజరు పిలిస్తే సంచీ సర్దుకునే లోపలికి వెళ్ళాను.

"తప్పయింది సార్," అన్నాను.

"తప్పా? వాళ్ళేం రాసి వెళ్ళారో చూడు. శుభ్రత ఆఫీసు నుంచే మొదలయ్యే కంపెనీని మొదటిసారి చూశారట! రేపట్నుంచి అందరి చెప్పులూ బయటే." గొంతు తగ్గించి, "ఒక్క మాట ముందు చెబితే కొత్త సాక్సులు వేసుకొచ్చేవాణ్ణి కదమ్మా," అన్నారు.

నేను ఊపిరి పీల్చుకునేలోపే అసలు చిక్కు ఆయనే బయటపెట్టారు. చెప్పులు బయట విప్పితే నేను మళ్ళీ కౌంటరు వెనక మాయమవుతాను కదా. సోమవారం పొద్దుటికల్లా నేను కనబడాలని, ఎలాగన్నది తనకు అనవసరమని, కనబడితేనే సంతకమని చెప్పి ఫైలు మూసేశారు.

శుక్రవారం సాయంత్రం చెప్పులు తీసుకుని కాకా దగ్గరికి పోతే, తన పనితనం ఆయనకు చూపించాలని బావ కూడా వెంటవచ్చాడు. ఆ స్టీలు బిళ్ళలు ఊడదీయడానికి కాకాకు అరగంట పట్టింది, మధ్యలో రెండుసార్లు చాయ్ తాగాల్సి వచ్చింది.

"ఎవడు జేసిండు బిడ్డా గివి?"

"నేనే," అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

కాకా బిళ్ళను ఎండకు పట్టి తిప్పితిప్పి చూశాడు. "మస్తు జేసినవ్. నా జన్మల గిట్ల జేయలేను. గని అల్లుడా, బిళ్ళంటే అరగాలె. నేలను జర పట్టుకోవాలె, పట్టుకుంటే అరుగుతది. నువ్వు అరగకుంట జేస్తివి, పిల్ల జారె."

మా బావ పనికి వంక పెట్టిన మనిషిని నేను అప్పుడే చూశాను. ఆయన ఆ రెండు బిళ్ళలనూ రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఆదివారం యూనిట్‌కు వెళ్ళి, గళ్ళ ఇనుప రేకుతో నా కౌంటరు వెనక పట్టేట్టు ఒక చిన్న అరుగు వెల్డింగు చేయించాడు. దాని నాలుగు కాళ్ళకూ నేల పట్టుకునేట్టు రబ్బరు బిళ్ళలున్నాయి. అవి ఎక్కడివని అడిగితే మాట దాటేశాడు. పొద్దున్నే చౌరస్తాకు పోయి కాకా చేత కోయించుకొచ్చాడని అక్క చెప్పింది.

సోమవారం ఆ అరుగెక్కి ఉత్త కాళ్ళతో నిలబడ్డాను, నడుము దాకా కనిపించాను. మేనేజరు దూరం నుంచి చూశారు, దగ్గర నుంచి చూశారు, సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం నాచారం బస్టాపులో బావ షిఫ్టు మొత్తం నిలబడి ఉంది. ఫోర్‌మన్, నూనె పోసినాయన, రాడ్డు తెచ్చినాయన, అందరూ నా చేతిలో కాగితం వైపే చూస్తున్నారు. నేను తల ఊపగానే వాళ్ళు వేసిన ఈలలకు వచ్చిన బస్సు ఆగకుండానే పోయింది. ఉప్పల్‌లో దిగితే గొడుగు కింద నుంచి కాకా కేకేశాడు.

"ఉంటదా, ఊడ్తదా?"

"ఉంటది కాకా!"

"ఉంటదట!" అని ఆయన పక్కన అరటిపళ్ళ బండివాడికి చెప్పాడు, అతను చాయ్ హోటలు వాడికి చెప్పాడు, నేను ఇల్లు చేరేసరికి కబురు నాకంటే ముందు చేరింది.

ఈ మధ్య ఏదో పనిమీద ఆ వైపు వెళ్ళాను. మా ఆఫీసు ఉన్నచోట అద్దాల భవనం లేచింది. లోపల కౌంటరు లేదు, మనిషి లేదు, ఒక తెర ఉంది. మన పేరు మనమే కొట్టుకుంటే స్వాగతం అని పలికి తలుపు తీస్తుంది. తప్పు పట్టడానికి లేదు, నా ముందు వచ్చినాయన్ని తెర బాగానే పలకరించింది, నాలా జారిపోయి కుండీని కౌగిలించుకునే బాపతు కాదు. కానీ అది అక్కడ కుదురుకున్న రోజు సాయంత్రం, ఉంటదా ఊడ్తదా అని దానికోసం బస్టాపులో ఎవరూ కాచుకుని ఉండరు కదా అనిపించి, నా పేరు కొట్టడానికి కాసేపు చెయ్యి రాలేదు.