దుబాయి నుంచి కాశిబుగ్గకు నాలుగు గంటలు

మా ఊరి పక్క మామునూరులో మళ్ళీ విమానాలు దిగుతాయట అని మొన్న మా మనవరాలు చాయ్ తాగుతూ సంబరపడి, ఫోనులో ఏవో రెండు ఊళ్ళు నొక్కి, దుబాయి నుంచి హైదరాబాదుకు నాలుగు గంటలేనట తాతా అంటూ నా ముందు పెట్టింది. ఆ నాలుగు గంటల సంగతి నాకు చెబుతోంది పిచ్చిపిల్ల! నా చాయ్ అలాగే చల్లారిపోయింది.

నేను దుబాయిలో దర్జీగా ఉన్న రోజుల్లో, ఒక ఉదయం కాశిబుగ్గ నుంచి మా బావ ఫోను చేసి అక్క పోయిందన్నాడు. అమ్మ లేని నన్ను పెంచిందీ, కుట్టుమిషను తొక్కడం నేర్పిందీ ఆ అక్కే. మాలో మట్టి చేయడం ఆలస్యం చేయరు. పిల్లలు లేని అక్కను కబరులోకి దించాల్సినవాణ్ణి, తోడబుట్టినవాణ్ణి, నేనొక్కణ్ణే. బావ పాపం, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన పక్కింటాయన్ని విమానం ఎంతసేపని అడిగితే ఆయన నాలుగు గంటలన్నాడట. ఇక్కడే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి వచ్చే చుట్టాన్ని లెక్కేసినట్టే నన్నూ లెక్కేసి, సాయంత్రం అసర్ నమాజు కాగానే జనాజా లేస్తుందని మసీదులో చెప్పించేశాడు.

"నాలుగు గంటలేనంట గద తమ్మీ, జర జల్ది రా. నువ్వొచ్చేదాక ముఖం కప్పనియ్య" అన్నాడు.

పాస్‌పోర్టు మా దుకాణం సేటు దగ్గర ఉంటుందనీ, ఆ సేటు షార్జా నుంచి రావాలనీ, టికెట్టు దొరకాలనీ, మన గడియారం అక్కడికంటే ముందు నడుస్తుందనీ బావకు ఎవరు చెప్పాలి? సేటు వచ్చి పాస్‌పోర్టు ఇచ్చేదాకా ఆయన ఇంటి గేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. విమానంలో ముందు సీటు వెనక తెర మీద ఇంకా ఇన్ని కిలోమీటర్లని అంకె పడుతుంటే, చూపు తిప్పితే అది తగ్గడం మానేస్తుందేమోనని రెప్ప వేయలేదు. అన్నం తినమని అడిగిన అమ్మాయి మీద కూడా కోపం వచ్చింది. కిటికీ అవతల ఎండ ఎర్రబడుతుంటే, అల్లా, ఈ ఒక్క పొద్దును కాస్త ఆపు అని ఎన్నిసార్లు వేడుకున్నానో!

బేగంపేటలో దిగి టాక్సీ పట్టుకుంటే, రఘునాథపల్లి దగ్గర పత్తి ట్రాక్టర్ల వెనక చిక్కుకుంది. దిగి పరుగెత్తుదామనిపించింది. కబరస్తాను చేరేసరికి జనం నల్లా కింద చేతులు కడుక్కుంటున్నారు. రాత్రి నమాజు దాకా ఆపారట. ఇంకా ఆపితే అక్కకే కష్టమని పెద్దలన్నారట. బావే దించాడట. ఆ ముఖం నేను చూడలేదు. ఇక ఎప్పటికీ చూడను.

బావ నన్ను కబరు దగ్గరికి తీసుకుపోయాడు. మాలో కబరు మీద తలా మూడు పిడికిళ్ళ మట్టి వేస్తారు; పక్కన కొంచెం మట్టి విడిగా ఉంది.

"మూడు పిడికిళ్ళు ఆపిన తమ్మీ, గవి నీయే" అన్నాడు.

ఇప్పుడైతే పోయినవాళ్ళ ముఖం ఫోనులోనే చూపిస్తున్నారు, రేపు మామునూరులోనే దిగుతారు. మా మనవరాలి తరానికి ఆ తిప్పలు తప్పితే నాకు సంతోషమే. కానీ వేళకు అందుకోలేనివాడి కోసం మూడు పిడికిళ్ళ మట్టి ఆపి ఎదురుచూసే మనిషి, బావ కూడా పోయాక, నాకు మళ్ళీ కనబడలేదు.