చీటీల కిటికీ పన్నెండుకే మూస్తారు

మేడమ్ పోయిన కబురు నాకు మా జూనియర్ కాలేజీ స్టాఫ్ రూములో తెలిసింది. యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, "మేడమ్ పోయిందే. పొద్దుగాల గుండెల నొప్పి వచ్చిందట, దవాఖానకు తీస్కపోయేలోపలనే..." అని ఆగిపోయింది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఆమె మాకు ప్రజారోగ్యం చెప్పిన టీచింగ్ ఫెలో. అంటే పాఠాలు అందరికంటే ఎక్కువ, మర్యాద అందరికంటే తక్కువ. వచ్చే ఏడు ఉంటారో ఉండరో ఏటేటా ఎవరో సంతకం పెడితేనే తెలిసేది. పెద్దపల్లి పక్క పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన నాలాంటివాళ్లను సాయంత్రాలు కూర్చోబెట్టి, రాయడం నేర్పేవారు. కరీంనగర్‌లో బట్టల దుకాణం నడిపే ముస్లిం కుటుంబం వాళ్లది. తెలుగులో తిట్టి, ఉర్దూలో బుజ్జగించేవారు.

ఒకసారి, ఒక ఊరి రోగుల మీద చేసిన నా ప్రాజెక్టులో, "అవగాహన లేక రోగులు బీపీ మందులు మధ్యలో మానేస్తున్నారు" అని రాశాను. ఆమె చదివి కాగితం నా ముందు పడేశారు.

"ఎవరికి లేదు అవగాహన? నువ్వు అడిగినవా?"

"అందరు గట్లనే రాస్తరు మేడమ్."

"అందరు రాసినంక మల్ల నువ్వెందుకు రాసుడు? ఆ ఊరికి పో. మందులు మానేసినామెతోని బస్సెక్కు, ఆమెతోనే దిగు. అప్పుడు రాయి."

తిట్టుకుంటూనే వెళ్లాను. ఆదిలాబాద్ వైపు అడవి పక్క ఊరు. అక్కణ్నుంచి ఆరోగ్య కేంద్రానికి పొద్దున ఒకటే బస్సు. నా పక్కన కూర్చున్న ముసలవ్వ ఖాళీ గోలీల షీటు కొంగున ముడేసుకుంది. ఆరోగ్య కేంద్రం ముందు దిగేసరికి పన్నెండుంబావు. ఓపీ చీటీల కిటికీ పన్నెండుకే మూశారు. ఆ చీటీ లేనిదే డాక్టరు చూడడు, మందులివ్వరు.

"పొద్దుగాల తెల్ల గోలి, మాపటికి పచ్చ గోలి. నాకు తెల్వకనా బిడ్డా?" అంది అవ్వ. "వచ్చినప్పుడల్లా గిదే తలుపు సూసిపోతున్న."

నేను చెప్పింది విని మేడమ్ తానే బయలుదేరారు. సెలవులన్నీ ఆ బస్సుల్లోనే గడిపి పరిశోధన నివేదిక రాశారు. చివర ఒకటే సిఫార్సు: చీటీల కిటికీ ఒంటిగంట దాకా తెరిచి ఉంచాలి. కొత్త డాక్టరు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. నివేదికను పరిశీలించిన కమిటీలో ఒక పెద్దమనిషి నవ్వి, "ఇంత చిన్నది పాలసీ ఎట్లయితదమ్మా?" అన్నాడట. "ఆ అవ్వకు గదే పాలసీ సార్" అన్నారట మేడమ్. అచ్చయిన నివేదికలో ఆ సిఫార్సు లేదు. దాని చోట, "ప్రజల్లో అవగాహన పెంచాలి" అని ఉంది. అది అచ్చయి వచ్చిన సాయంత్రం కూడా మేడమ్ క్లాసుకు వచ్చారు. మా రాతల్లో ఒక్క తప్పూ దిద్దలేదు.

సంతాప సభలో ఆ పెద్దమనిషే ఫొటోకు దండ వేశాడు. ఆరోగ్య విధానానికి ఆమె ఎనలేని సేవ చేశారని కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. స్మారక సంచికకు ఒక పేజీ రాయమంటే ఇదంతా రాసిచ్చాను. మర్నాడు సంచిక సంపాదకుడి ఫోన్. "బాగ రాసినవమ్మా. ఆ కిటికీ ముచ్చట ఒక్కటి తీసేద్దాం. సంతాపంల అవన్ని ఎందుకు?"

"అయితే నా పేజీయే వద్దు సార్" అన్నాను. అందుకే మీరు దీన్ని ఇక్కడ చదువుతున్నారు.

మొన్న సెలవు పెట్టి అదే బస్సెక్కాను. అవ్వ రాలేదు, ఆమె మందుల కోసం కోడలు వచ్చింది. అవ్వకు కాలూ చెయ్యీ పడిపోయాయని చెప్పింది. దిగేసరికి కిటికీ మూసి ఉంది. నేను కిటికీ తలుపు కొట్టాను. తెరిచేదాకా కొట్టాను.

"టైమైపోయింది, రేపు రాండ్రి" అన్నాడు లోపలి మనిషి.

"రేపటి బస్సు గూడ గిప్పుడే వస్తదన్నా" అన్నాను, తలుపు మీది చెయ్యి తీయకుండా.

నా వెనక బస్సు దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరుసలో నిలబడ్డారు.