దుర్గ చూపించిన సీమంతం చీరలు

నేను రాజమండ్రిలో ఒక చీరల షాపులో సేల్స్‌గర్ల్‌ని. కస్టమర్లు లేకపోయినా మేం కూర్చోకూడదు. ఆ రోజు నాతో పనిచేసే దుర్గ, ఏడో నెల గర్భిణి, కాళ్లు వాచిపోయి కాసేపు స్టూల్ మీద కూర్చుంది. కెమెరాలో చూసి మేనేజర్ గారు వచ్చేశారు.

"నిలబడి పనిచేసేవాళ్లకి సీట్లు ఇవ్వాలని చట్టం ఉందంటండి," అన్నాను భయపడుతూనే.

"అయితే జీతం కూడా ఆ చట్టాన్నే అడుగు!" అంటూ ఆయన స్టూల్ పట్టుకుపోయారు.

ఇంతలో ఒకావిడ వచ్చి కస్టమర్ల కుర్చీలో కూర్చున్నారు. "మా అమ్మాయికి సీమంతం. మంచి చీరలు తియ్యమ్మా," అన్నారు.

దుర్గ ఒక చేత్తో కౌంటర్ పట్టుకుని, నవ్వుతూ ఒక్కో చీరా పరిచింది. నేను సాయం వెళ్లబోతే మేనేజర్ గారు కళ్లతోనే ఆపేశారు.

"మా పిల్లని మంచం దిగనివ్వడం లేదనుకో," అన్నారావిడ.

"మంచిదండి," అంది దుర్గ.

ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీకు రాస్తున్నాను.

– ఓ పాఠకురాలు, ధవళేశ్వరం