తలుపులో నిలిచిన నీళ్లు

సారవ్వ కారులోకి వాననీళ్లు వస్తున్నాయని ఆమె వాడకట్టంతటికీ తెలుసు. ఎందుకు వస్తున్నాయో కూడా అందరికీ తెలుసు, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు. ముందు అద్దం రబ్బరు పోయిందని ఒకరు, టాపు తుప్పు పట్టిందని ఒకరు. కారుకు వయసు మళ్లింది, దాని రాత అంతేనని చెప్పినవాళ్లే ఎక్కువ. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది సారవ్వ కంటే పెద్దవాళ్లు. వాళ్లనెవరూ తుక్కుకు వేయమనడం లేదు మరి.

అది తెల్ల అంబాసిడర్. సారవ్వ భర్త నర్సింగం బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో మంచిర్యాలలో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేస్తే కొన్నాడు. బతికున్నంతకాలం స్టీరింగు ఇంకో మనిషి చేతికి ఇవ్వలేదు. పెళ్లాం తలుపు వేస్తే గట్టిగా వేస్తుందని, ఆమె దిగాక తనే చుట్టూ తిరిగి వచ్చి వేసేవాడు. మబ్బు పడితే చాలు, కారు మీద టార్పాలిన్ కప్పేవాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయాక టార్పాలిన్ కింద బండి అలాగే నిలబడిపోయింది.

ఏడాది తిరిగాక సారవ్వ ఆ టార్పాలిన్ తీసి మడత పెట్టింది. పక్కింటి సుగ్రా బీ కొడుకు ముఖీత్ మెకానిక్కు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, యాభై దాటిన వయసులో బండి నడపడం నేర్చుకుంది. వాడలో నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత మంచిర్యాల బట్టల దుకాణాల దాకా తీసుకుపొమ్మని అడిగారు. కాసిపేటలో ఉన్న చెల్లెలిని చూడాలంటే ఇదివరకు ఎవరికి ఎప్పుడు వీలవుతుందా అని వారాల తరబడి ఎదురుచూసేది. ఇప్పుడు చూడబుద్ధి అయిన రోజే గోదావరి వంతెన దాటేస్తుంది. ఆ రుచి తెలిసిన మనిషి చేతిలోంచి తాళంచెవి లాక్కోవడం అంత తేలిక కాదు.

కానీ వానలు మొదలయ్యాక కథ మారింది. కాళ్ల దగ్గర మడుగు. మ్యాట్లు కుళ్లి వాసన. ఎక్కిన ఆడవాళ్లు వరి మడిలో దిగినట్టు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకునేవాళ్లు. ముఖీత్ అద్దం రబ్బరు మార్చినా నీళ్లు ఆగలేదు. వానాకాలం బయటికి తీయకు పెద్దమ్మా అని సలహా ఇచ్చాడు. సారవ్వకు ఒళ్లు మండింది. వాన పడితే ఇంట్లో దాచిపెట్టే గొడుగు ఎవరికి కావాలి?

ఈలోగా నర్సింగం తమ్ముడు రఘుపతి జ్యోతినగర్ నుంచి వచ్చాడు. అన్న పోయాక ఇంటికి పెద్ద తనేనని ఆయనకు ఆయనే అనుకున్నాడు. తుక్కు కొనే మనిషిని మాట్లాడేశానని, ఆదివారం వచ్చి కారు తీసుకుపోతాడని కబురు చల్లగా చెప్పాడు. అన్న గుర్తని ఎన్నాళ్లు పట్టుకుని ఏడుస్తావన్నాడు. ఒంటరి ఆడమనిషివి, నేల కుళ్లిన బండి, రోడ్డు మీద ఏమన్నా అయితే మాట మా మీదికొస్తుందన్నాడు. సారవ్వ అన్నీ విన్నది. ఆయన చెప్పినవాటిలో నేల కుళ్లుతుందన్న మాట ఒక్కటే నిజం, అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"ఆదివారం దాక ఆగు తమ్మీ," అంది. "నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో పట్టుకొని బందు చేస్త. నాతోని కాకుంటె తాళంచెవి నా చేతులతోనే నీకిస్త."

మాటైతే ఇచ్చింది. ఆయన వెళ్లాక టార్చి పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

మర్నాడే సీట్లు, మ్యాట్లు పీకి వాకిట్లో ఎండకు వేసింది. కారు లోపల నేలంతా తుడిచి ఆరబెట్టింది. తర్వాత ముగ్గుపిండి డబ్బా తెచ్చి ఆ నేల మీద పలచగా చల్లింది. కబుర్లకు వచ్చిన సుగ్రా బీ అది చూసి, కారులో ముగ్గేస్తున్నావా అని బుగ్గలు నొక్కుకుంది. పొడి పిండి మీద ఒక్క చుక్క పడినా ఎక్కడ పడిందో, ఎటు పారిందో ఇట్టే తెలుస్తుంది. రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గేసేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

సుగ్రా బీ బయట నీళ్ల పైపు పట్టింది. సారవ్వ లోపల వంగి కూర్చుంది. ముందు అద్దం మీద ఎంతసేపు కొట్టినా పిండి తెల్లగానే ఉంది. టాపు మీద కొట్టినా అంతే. పక్క తలుపు అద్దం మీద కొట్టినప్పుడు కొంతసేపటికి తలుపు లోపలివైపు అట్ట కింది నుంచి సన్నగా ఒక నల్లటి గీత బయల్దేరి పిండిలో పాక్కుంటూ వచ్చింది. సారవ్వ తలుపును అటూ ఇటూ ఊపింది. లోపల నీళ్లు నిండు బిందెలోలా తొణికాయి.

స్క్రూలు విప్పి అట్ట పీకితే, తలుపు లోపల బొగ్గుమసి కలిసిన నీళ్లు నిలిచి ఉన్నాయి. ముఖీత్‌కు ఫోను చేస్తే, అద్దం మీద పడిన వాన తలుపులోకి దిగడం ఏ కారుకైనా ఉన్నదేననీ, ఆ నీళ్లు పోవడానికే అడుగున బొక్కలుంటాయనీ చెప్పాడు. సారవ్వ వంగి కింద చూసింది. బొక్కలున్నాయి. ఒక్కొక్కటీ తారు, సిమెంటు కలిపి కూరి, పైన బొటనవేలితో గట్టిగా అదిమి ఉన్నాయి.

ఆ వేలిముద్ర ఎవరిదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. నర్సింగం బాయిలో మేస్త్రీ. బొగ్గు తీసేసిన దారుల్లోంచి నీళ్లూ గ్యాసూ ఇవతలికి రాకుండా గోడ కట్టి, సందు కనబడితే మూసేయడం ఆయన డ్యూటీ. సందు మూయకపోతే మనుషులు చచ్చిపోయే చోట బతికిన చెయ్యి అది. కారుకు బొక్కలు కనబడితే ఊరుకుంటుందా? నాలుగు తలుపులకూ మూసేశాడు. వానలో ఏనాడూ బండి బయటికి తీయలేదు గనుక, చేసింది తప్పని ఆయనకు తెలియనే లేదు.

సారవ్వ నేల మీద కూలబడింది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియదు. చచ్చిన మనిషి వేలు అంత స్పష్టంగా కనబడితే ఎవరికైనా చెయ్యాడదు. సుగ్రా బీ పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆ గుర్తులు అలాగే ఉండనివ్వమని, పక్కన వేరే బొక్కలు పెట్టమని ముఖీత్‌కు చెబుతానంది. సారవ్వ ఆ వేలిముద్ర మీద తన వేలు పెట్టి చూసింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఇన్నేండ్లు ఆయన మూసినయన్ని మూసే ఉంచిన బీ," అంది. "ఇవి తెరుస్త."

స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో కొట్టింది. తారు పెళ్లలుగా ఊడింది. నల్లనీళ్లు బుడబుడమంటూ వచ్చి ఆమె చీర తడిపి వాకిట్లోకి పారాయి. మిగతా తలుపులు కూడా ఆ పూటే తెరిచింది.

ఆదివారం వానలోనే రఘుపతి తుక్కు మనిషి ట్రాలీలో దిగాడు. సారవ్వ ఇద్దరినీ కారులో కూర్చోబెట్టింది. వాన చాలదన్నట్టు సుగ్రా బీ చుట్టూ తిరిగి పైపుతో కూడా కొట్టింది. తలుపుల కింద ధారలు కారుతున్నాయి, లోపల నేల ఎండుగా ఉంది. తుక్కు మనిషి నవ్వుకుంటూ తన ట్రాలీ తీసుకుని వెళ్లిపోయాడు. రఘుపతి మాత్రం వాకిట్లో పడి ఉన్న తారు పెళ్లలు చూశాడు.

"అన్న తన చేతులతోని పెట్టింది పలగ్గొట్టినవా వదినె? ఆయన గుర్తు గదా."

"మీ అన్న గుర్తని ఈ కారు పెట్టుకున్ననని నీకెవలు చెప్పిండ్రు?" అంది సారవ్వ. "ఆయన నా మనసుల ఉన్నడు. ఈ కారు నేను నడిపేతందుకు ఉన్నది."

వాన జోరు పెరిగింది, వచ్చిన ట్రాలీ ఎప్పుడో పోయింది. రఘుపతి చూరు కింద నిలబడి, జ్యోతినగర్ దాకా కారులో పోదామన్నాడు. సారవ్వ సరేనంది. ఆయన తిన్నగా స్టీరింగు వైపు తలుపు దగ్గరికి వెళ్లి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆలోచించి చాపింది కాదు, అలవాటున చాపాడు.

సారవ్వ ఆ చేతి వంక చూసింది. ముందు సీట్లో అప్పటికే సుగ్రా బీ సర్దుకుని కూర్చుంది.

"ఎనుక కూసో తమ్మీ," అంది సారవ్వ.