ఏడో ముడి

మా వదిన పోయింది. పుష్యమాసం చివరి బుధవారం పొద్దున దొడ్లో బర్రెకు గడ్డి వేసి, గోడకు ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆమె మా అన్న భార్య, నాకన్నా ఆరేండ్లు పెద్ద. మంచి మనిషి అని రాసే ముందు ఆమెతో నాకొక తగాదా ఉంది, అది రాస్తాను. పదకొండేండ్లపాటు ఆమె నా జీతంలోంచి నెలకొక రూపాయి తీసి ఎవరికో ఇచ్చింది. ఎవరికని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. చెప్పకుండానే పోయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని ఇంటికి వచ్చిన ప్రతివాడూ చెప్పి పోతున్నాడు. నేను ఉంచుకున్నాను.

నాకు చదువు లేదు. రైలు గ్యాంగులో పట్టాల పని చేస్తూ మైలురాళ్ళ మీద అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి, స్టేషను బోర్డుల దగ్గర నిలబడి కూడబలుక్కుంటే. ఈ నాలుగు ముక్కలు నేనే రాసి మా బడిపంతులుకు ఇచ్చాను. తప్పులు దిద్దు, మాట మార్చవద్దు అన్నాను. ఆయన "తగాదా" అన్న చోట "సందేహం" అని పెట్టబోయాడు. ఒప్పుకోలేదు.

అప్పు సంగతి ముందు చెప్పాలి. అప్పు నాదే. అన్న జ్వరంతో పోయిన మరుసటి ఏడు మా మెట్టచేలో బావి తవ్వించాలని పట్టుబట్టాను. చుట్టుపక్కల అందరూ వద్దన్నారు. వదిన మాత్రం వద్దనలేదు, చోటు మార్చమంది.

"పడమటి మూల తవ్వించు మరిదీ. ఆడ ఎండాకాలం గూడా గడ్డి పచ్చగుంటాది."

"నీళ్ళ సంగతి నీకేం తెల్సు? వంట సంగతి చూసుకో పో" అన్నాను.

నా ఇష్టం వచ్చిన చోటే తవ్వించాను. రాతికి మందు పెట్టి పేల్చి తొమ్మిది నిలువులు దిగాం. తడి తగల్లేదు. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది, మేకలు పడకుండా చుట్టూ కంప వేయించింది కూడా వదినే. శెట్టి దుకాణంలో వడ్డీకి తొంభై రూపాయలు, రాళ్ళు కొట్టిన మేస్త్రికి నలభై, గొర్రెలమ్మి సాయం చేసిన మామకు అరవై. ఆయనను మామ అని పిలుస్తాను గానీ చుట్టరికం లేదు, మంద తోలుకునే మనిషి. మూడు నోట్లూ నా పేరు మీదే రాసుకున్నారు. శెట్టి మార్కాపురం కోర్టులో దావా వేస్తానని కబురు పంపిన వారానికే నేను పోయి గ్యాంగులో చేరాను.

మొదటి జీతం పదకొండు రూపాయలు. రాజు తల ఉన్న వెండి రూపాయలు ఇంటికి తెచ్చి, నా గొప్ప చూపించడానికి వదిన ముందు గలగలా పోశాను. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి అన్న తలగుడ్డ తెచ్చి నేల మీద పరిచింది. అంచు వెంబడి ఒకదాని పక్కన ఒకటి ఆరు ముడులు వేసింది.

"ఇది జొన్నలకు. ఇది ఉప్పుకు, మిరపకాయలకు, కిరసనాయిలుకు. ఇది జబ్బు చేస్తేనో, ఎవరన్నా ఇంటికొస్తేనో. ఇది శెట్టికి, ఇది మేస్త్రికి, ఇది గొర్రెల మామకు."

"మరి నాకేది?"

"జొన్నల ముడి ఉండాది గదా. నువ్వు తినవా ఏంది?"

"చుట్టలకు?"

"ఎవరూ ఇంటికి రాని నెల చూస్తాలే."

నా భార్య అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చింది. తలుపు చాటున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. రూపాయలు తెచ్చినవాణ్ణి నేను, ముడులు వేసేది ఆమె. కానీ మరుసటి నెల కూడా తెచ్చి ఆమె ముందే పోశాను. ఎందుకు పోశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

ఆమె ఒక మాట అనేది. "జీతం వచ్చిన పూటే బీదోళ్ళం అయిపోవాల మరిదీ. ఇంక నెలంతా ఎవురికీ భయపడే పని ఉండదు." ఆ మాట నాకు ఏండ్ల తరబడి నచ్చలేదు. నెల ఆఖర్లో మూడు రోజులు ముందే జొన్నల ముడి ఖాళీ అయ్యేది. పక్కనే శెట్టి ముడిలో రెండు రూపాయలు కదలకుండా ఉండేవి. అందులోంచి ఒక అర్ధరూపాయి తియ్యమని నా భార్య బతిమాలింది ఒకసారి. "అది శెట్టిది చెల్లే. మనింట్లో ఉన్నంత మాత్రాన మనదవుతాదా?" అని వదిన తట్ట తీసుకుని చేలగట్ల వెంట ఆకు కోసుకురావడానికి పోయింది. మూడు రోజులు ఆకే తిన్నాం.

శెట్టి దగ్గరికి నన్ను పోనిచ్చేది కాదు, నేను కొట్లాడతానని. తానే పోయేది. ఇచ్చిన రెండు రూపాయలకూ నోటు వెనకాల ముట్టినట్టు చెల్లు రాయించుకునేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"రెండు రూపాయలకు చెల్లు ఏందమ్మా! ఇరవై అయినాక ఒక్కసారే రాసుకుందాం" అన్నాడు శెట్టి.

"అందాకా నువ్వుంటావో నేనుంటానో శెట్టీ. రాయి."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. శెట్టి కూడా నవ్వి రాశాడు. చివరికి ఆ నోటు వెనక చోటు చాలక ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది. ఏ మనిషి దావా వేస్తాడని నేను నిద్రపోలేదో, ఆ శెట్టి ఇంటికొస్తే ఆమె పీటేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. "ఒక్కసారి ఎక్కువిస్తే వాడు సంతోషపడతాడు. కొంచెం కొంచెం ప్రతి నెలా ఇస్తే వాడు నమ్ముతాడు" అనేది.

మేస్త్రి నలభై రూపాయలు ముందు తీరాయి. నెలనెలా ఆయనకు పోయే ఆ రూపాయి ఇక నాదే అనుకుని గొడుగు అడిగాను. ఎండలో పట్టాల వెంబడి నడిచేవాడికి గొడుగు కావాలా వద్దా, మీరే చెప్పండి. ఆమె వినలేదు. మేస్త్రి ముడి విప్పి, ఆ రూపాయిని శెట్టి ముడిలో కలిపింది. గొర్రెల మామ బాకీ తీరిన నెల ఆ రూపాయీ అందులోకే పోయింది. రెండుతో మొదలైన శెట్టి ముడి నాలుగైంది. అట్లా ఆరో ఏట శెట్టి నోటు చించి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ ముక్కలు ఇంటికి తెచ్చి నీళ్ళపొయ్యిలో వేసి, నాకు తలంటుకు నీళ్ళు కాచింది. "శెట్టి నోటుతో కాగిన నీళ్ళు, పోసుకో" అంది. ఆ వారమే ఎవరూ ఇంటికి రాని నెల మిగులుతో నల్లగొడుగు కొనిచ్చింది. అది ఇంకా ఉంది. రెండు కమ్ములు విరిగాయి.

ఆ రోజు నుంచి గ్యాంగులో, సంతలో, ఎక్కడ కూర్చున్నా ఒకటే మాట అనేవాణ్ణి. నేను ఎవడికీ దమ్మిడీ బాకీ లేను అని. ఆ మాట అనుకుని తల ఎత్తి బతికాను. ఈ రాత అంతా ఆ మాట కోసమే.

మరుసటి జీతం నాడు తలగుడ్డ పరిచింది. ఖాళీ అయిన మూడు ముడులు విత్తనాలకు, ఎద్దులకు, బట్టలకు ఇచ్చింది. బాగానే ఉంది అనుకున్నాను. తర్వాత గుడ్డను తిప్పి, రెండో అంచున ఏడో ముడి వేసింది. అందులో ఒక రూపాయి.

"ఇదేంది?"

"బాకీ."

"ఇంకెవురికి? అందరికీ తీరిపోయె గదా!"

"ఇంకొకటి ఉండాది."

"ఎవురు చేసినారు?"

"నీ పేరు మీదే ఉండాది మరిదీ. అడగబాకు."

అడిగాను. అరిచాను. రెండు నెలలు మాట్లాడలేదు. జీతం మాత్రం తెచ్చి ముందర పెట్టి పక్కకు తిరిగి కూర్చునేవాణ్ణి, ఆమె ఏడు ముడులూ వేసేది. ప్రతి నెలా జీతం వచ్చిన వారంలో ఒకరోజు పొద్దున సద్ది కట్టుకుని పెద్దారవీడు దారిన పోయేది. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేది.

ఒకసారి వెంట పోయాను. చాలా వెనకాల, కంప చాటున. ఆ దారిలో ఒక చోట బాట చీలుతుంది. ఒకటి పెద్దారవీడుకు పోతుంది, ఇంకోటి నల్లమల కొండ కింది పల్లెలకు. ఆ చీలిక దగ్గర ఒక బండరాయి మీద ఆమె కూర్చుంది. వెనక్కి తిరగనైనా తిరగలేదు.

"కాళ్ళు నొప్పి పుడతాయి మరిదీ. ఇంటికి పో. నువ్వు పోయేదాకా నేను లేయను."

ఆడమనిషి వెంట దొంగలాగా నక్కి నడిచానని నాకే సిగ్గేసింది. అక్కడి నుంచే తిరిగి వచ్చాను. ఇంకో పది నిమిషాలు కంప చాటున ఆగి ఉంటే ఆమె ఏ దారి పట్టిందో తెలిసేది. ఆగలేదు. మళ్ళీ ఎన్నడూ వెంట పోలేదు కూడా.

నిరుడు దసరాకు గ్యాంగులో మనుషులను తగ్గించి నన్నూ ఇంటికి పంపారు. జీతం లేదు కనుక ఏడో ముడి కూడా లేదనుకున్నాను. పదకొండేండ్లకు నూట ముప్పైరెండు రూపాయలు. మైలురాళ్ళ అంకెలతో నేనే లెక్క కట్టాను.

దినాలకు పాత మేస్త్రి వచ్చాడు. చూపు ఆనక కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నేను రూపాయి సంగతి ఎత్తగానే కర్ర పక్కన పెట్టి నా దగ్గరికి జరిగాడు.

"మీ బావిలో మందు పేల్చిన నాడు ఒక పిల్లోడికి కన్ను పోయింది, అబ్బాయ్. నువ్వు ఆ పొద్దు ఇంకొంచెం మందు తేడానికి దొనకొండ పోయినావు. నీకు చెప్పొద్దని మీ వదిన మా అందరి చేతా ఒట్టేయించుకుంది."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అయితే రూపాయి వాడికేనా?"

"నాకేం తెల్సు? వాళ్ళు రెండు నెలలకే కనిగిరి అవతలికి పోయినారు."

కనిగిరి ఒక దిక్కు, వదిన పోయిన దారి ఇంకో దిక్కు. అంత దూరం పోయి దీపాలవేళకు ఎట్లా తిరిగి వస్తుంది? వాళ్ళ మనుషులెవరైనా ఇటు పక్క ఉన్నారా? మేస్త్రికి అదీ తెలియదు.

గొర్రెల మామ కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. మా అన్న పోయే ముందు కొండ కింద ఎవరి దగ్గరో ఆవును తెచ్చుకున్నాడట, నోటు లేకుండా, నోటిమాట మీద. ధర ఇవ్వకుండానే పోయాడట. దారి సరిపోయింది. కానీ ఏ ఆవు నూట ముప్పైరెండు రూపాయలు చేస్తుంది? అన్న చేసిన బాకీ అయితే నీ పేరు మీద అని ఎందుకు అంటుంది? పోయినవాడి పేరు చెడకూడదని నా మీద వేసిందా?

నా భార్య ఇవన్నీ విని విసుక్కుంది. "పదిహేడేండ్లు ఆ యమ్మ ఈ ఇంట్లో చాకిరీ చేసింది. నువ్వు ఒక్క రోజు కూలి ఇచ్చినావా? నెలకో రూపాయి ఆమె తీసుకుంటే మాత్రం ఏం?"

ఒక్క రోజు కూలి కూడా ఇవ్వలేదు, నిజమే. కానీ తీసుకున్నదైతే ఏం చేసింది? ఆమె పెట్టెలో రెండు చీరలున్నాయి, రెండూ కుట్లు వేసినవే.

పదో రోజు నా భార్య జొన్నల కుండ అడుగున అన్న తలగుడ్డ దొరికిందని తెచ్చి నా ఒళ్ళో వేసింది. ఒక అంచున ముడులేవీ లేవు, మడతలు మాత్రం ఉన్నాయి. రెండో అంచున ఏడో ముడి ఉంది. బిగించి ఉంది. విప్పలేదు నేను. గుడ్డ మీద నుంచే తడిమి చూశాను. రూపాయి బిళ్ళ కాదు. ఒక పావలా, రెండు బేడలు, తక్కినవన్నీ అణాలూ అర్ధణాలూ. లెక్కపెడితే పదహారణాలు, సరిగ్గా ఒక రూపాయే. పిడకలమ్మి, చేలల్లో రాలిన వేరుశనగ ఏరి ఆమె కూడబెట్టిన చిల్లర అది. నా జీతం ఆగిపోయాక ఆమె సొంత కష్టంతో కట్టుకుంటూ వచ్చింది.

నాకు అక్కడే బుర్ర తిరుగుతోంది. బాకీ నాదైతే ఆమె ఎందుకు ఏరుకొచ్చి కట్టింది? ఆమెదైతే నా పేరు ఎందుకు చెప్పింది? మేస్త్రి చెప్పిందే నిజమైతే నేను ఇన్నేండ్లు సంతలో అన్న మాట అబద్ధం, నా గొయ్యి కోసం ఒకడి కన్ను పోయింది. ఒక పూట అది నిజం అనిపిస్తుంది, ఒక పూట కాదనిపిస్తుంది. ఈ ఇల్లు జప్తు కాకుండా నిలబడిందంటే అది ఆమె వల్ల. అది రాయకపోతే నాది అబద్ధపు రాత అవుతుంది. కానీ ఇంతే రాసి ఊరుకుంటే కూడా అబద్ధమే.

కనుక చదివేవాళ్ళకు చెప్పేదేమంటే, నాకు ఓదార్పు ఉత్తరాలు అక్కర్లేదు. మాఘ పున్నమి నాడు పొద్దు పొడిచింది మొదలు, మార్కాపురం నుంచి పెద్దారవీడు పోయే దారిలో కొండ కిందికి బాట చీలే చోట, ఆమె కూర్చున్న బండ మీదే కూర్చుంటాను. రెండు కమ్ములు విరిగిన నల్లగొడుగు గుర్తు. ముడి విప్పకుండా తెస్తాను. ఆ చిల్లర ఎవరిదో వాళ్ళే వచ్చి వాళ్ళ చేత్తో విప్పుకోవాలి. బాకీ ఇంకా ఉంటే ఎంతో చెప్పాలి. జీతం లేదు గానీ చేను ఉంది, చేతులున్నాయి, ఏడు ముడులు వేయడం నాకూ వచ్చు.

వదినా, నీకూ అదే గడువు. నేను వెనక్కి తిరిగినాక నువ్వు ఆ బండ మీద నుంచి లేచి ఏ దారిన పోయినావు? మాఘ పున్నమి పొద్దు గుంకేలోపల నాకు తెలియాలి.