జింకల ప్రయాణం పెట్టుకుంటే వాన

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే పంచాంగం చూసేవాళ్లు, పిల్లి ఎదురొచ్చిందేమో చూసేవాళ్లు, ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని నీళ్లు తాగి లేచేవాళ్లు. ఆకాశం వైపు మాత్రం ఎవరూ చూసేవాళ్లు కాదు. చూడ్డానికి అక్కడ ఏమైనా ఉంటే కదా! బత్తలపల్లె దాటి మట్టిరోడ్డు పట్టుకుని లోపలికి పోతే వచ్చే మా ఊరికి మబ్బులు అసలు రావని కాదు, వచ్చేవి. కానీ ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న స్టేజీలో ఆగకుండా పోయినట్టు మా నెత్తిమీదుగా పోయి ఎక్కడో నెల్లూరు పక్క దిగేవి. అలాంటి ఊళ్లో పెళ్లయిన కొత్తలో నేనొక విహారయాత్ర తలపెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపే వచ్చింది, ఆ ఏడుపులోనూ నీళ్లు సరిగా రాలేదు (మా జిల్లా కదా).

నేను అప్పుడు బత్తలపల్లెలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో కొత్తగా చేరాను. మా ఆమెది ధర్మవరం. నిజానికి మావి రెండూ మగ్గాల ఇళ్లే. మా తాత కాలంలో మగ్గం పోయి మాకు చేను మిగిలింది, వాళ్లకు చేను పోయి మగ్గం మిగిలింది. ఎవరు బాగుపడ్డారని అడిగితే రెండు వైపులా తలలు దించుకుంటారు. ఆమె చిన్నప్పటినుంచీ వాళ్ల నాయన పక్కన కూర్చుని పట్టుచీరలు నేసింది, అందులోనూ జింకల అంచు వేయడంలో చేయి తిరిగింది. ఒక సాయంత్రం నేను సినిమా హీరోలాగా గొంతు సవరించుకుని, "నీకేం కావాలో అడుగు" అన్నాను. అని, బంగారం అడుగుతుందేమోనని వెంటనే భయపడ్డాను. ఆమె కాసేపు ఆలోచించి, "నిజమైన జింకను చూడాల. పట్టులో ఎన్ని జింకల్ని నేసినానో లెక్కే లేదు, ఒక్కదాన్నీ పానంతో చూడలా" అంది. బంగారం కాదన్న సంతోషంలో నేను చేతిలో చెయ్యి వేసి మాటిచ్చేశాను. పక్క జిల్లాలో జింకల్ని కాపాడే అభయారణ్యం ఒకటుంది, మా వాళ్లు దాన్ని జింకల పార్కు అంటారు. పొద్దున్నే జీపులో బయల్దేరితే సాయంత్రానికల్లా తిరిగి రావచ్చు. ఇంత సులభమైన మాట ఏ మొగుడూ ఇచ్చి ఉండడు.

మా నాయనకు చెబితే ఆయన నా ముఖంలోకి అలాగే చూశాడు. "జింకల్ని చూసేకి దుడ్లు పెట్టుకోని పోతారా? గుత్తి పక్క రైతులు వాటిని చేలల్లోంచి తోలలేక చస్తాండారు. ఆడికి పోయి నిలబడితే దుడ్లు వాళ్లే ఇస్తారు కదరా!" అన్నాడు. మరి మన చేలోకి ఎందుకు రావని అడిగాను. "మన చేలో ఏముండాదని వస్తాయిరా? వాటికీ తెలివి ఉండాది" అన్నాడు. అయినా వద్దనలేదు. అమ్మ తనూ వస్తానంది. జీపు మా చిన్నమామది. ఆయన్ని ఊరంతా జీపు మామ అనేవాళ్లు. జీపుకు ఆయన మీద ఎంత గౌరవమంటే, ఆయన దిగి తోస్తే తప్ప కదిలేది కాదు.

బయల్దేరే ముందురోజు నేను ప్యాంటు ఇస్త్రీ చేయించుకున్నాను. తెల్లవారుజామునే లేచి ఆమె చిత్రాన్నం కలిపింది, పెళ్లినాటి చీరల్లోంచి ఒకటి తీసి కట్టుకుంది. జీపు వచ్చి వాకిట్లో ఆగింది. అప్పుడు పడింది వాన. చినుకులు కాదు, కుండలతో పోసినట్టు. నాయన వాకిట్లోకి పరుగెత్తి, మట్టిని పిడికెడు తీసి నొక్కి చూసి, "పదునైంది రా!" అని అరిచాడు. పదును అంటే ఏమిటో మెట్టసేద్యం తెలియనివాళ్లకు చెప్పాలి. భూమి విత్తనానికి సరిపడా తడిసి మెత్తబడటం. మా ఎర్రనేలలో ఆ తడి ఆరకముందే వేరుశనగ విత్తేయాలి, లేకపోతే ఏడాదంతా నోట్లో మట్టే. పదునైన రోజు మా ఊళ్లో పెళ్లిళ్లు కూడా ముహూర్తం ముగించుకుని పెళ్లికొడుకుతో సహా చేలకు పోతాయి, ఇక జింకల ప్రయాణం ఒక లెక్కా?

నేను ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఎద్దుల్ని తోలాను. ఆమె పట్టుచీర చెంగు బొడ్లో దోపుకుని విత్తే గొర్రు వెనక నడుస్తూ దాని గొట్టంలోకి గింజలు వదిలింది. మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని ఆ చిత్రాన్నమే తిన్నాం. నా ముఖం చూసి నాయన, "జింకలు యాడికీ పోవు లేరా, పదునే పోతాది" అని ఓదార్చాడు. ఆమె మాత్రం చీర అంచుమీద జింకలకు అంటిన బురదను వేలితో తుడుచుకుంది.

విత్తనం మొలిచింది. మొలిచాక వాన మళ్లీ మమ్మల్ని మర్చిపోయింది. మొక్కలు మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు ముడుచుకుని పడుకునేవి, వాటిని చూసి నాయన కూడా అలాగే ముడుచుకునేవాడు. విత్తనాల పనీ లేదు, కలుపు మొలవడానికి తడీ లేదు, ఇదే సమయమని నేను రెండోసారి ప్రయాణం పెట్టుకున్నాను. ఈసారి అడ్డు జీపు మామ అలవాటు రూపంలో వచ్చింది. ఆయన జీపును ఎప్పుడూ ఊరి బయట వంకలో, కానుగ చెట్టు నీడన నిలిపేవాడు. వంక అంటే ఏరు. ఏరులో బండి నిలుపుతారా అని మీరడగొచ్చు. మా వంకలో పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు, కళ్లాలు చేసి కాయలు ఆరబోసేవాళ్లు, ఒకసారి నాటకం స్టేజీ కూడా వేశారు. అది ఏరని పెద్దవాళ్లు చెబితే నమ్మడమే తప్ప మా తరం చూసింది లేదు. ప్రయాణం ముందురోజు సాయంత్రం మా ఊళ్లోనూ ఎగువనా పడిన వానకు వంక పారింది. జీపు కూడా దాంతోపాటు పారింది.

ఊరంతా గట్టుమీదికి చేరింది. ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి కొత్తనీళ్లలో చల్లారు, టెంకాయలు కొట్టారు. కింద తుమ్మచెట్లకు ఆనుకుని సీటుదాకా ఇసుకలో కూరుకున్న జీపు వైపు చూస్తూ మామ తలపట్టుకుని కూర్చున్నాడు. "నా పెండ్లయినంక ఈ వంకలో నీళ్లు చూడలేదు కదరా! ఇయ్యాలే రావాల్నా?" అన్నాడు. ఎవరో ఆయన చేతిలో కూడా టెంకాయ చిప్ప పెట్టి వెళ్లారు. నా దుఃఖం చెప్పుకునే చోటు లేదు. ఊరంతా పండగ చేసుకుంటుంటే వాన ఎందుకొచ్చిందని ఏడ్చేవాణ్ణి ఏమంటారు?

సరిగ్గా అప్పుడే వరదపాశం తాత నోరు తెరిచాడు. వానలు పడకపోతే ఊరంతా కలిసి గుట్టమీద బండమీద పాయసం పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నాలుకతో నాకే మొక్కు ఒకటుంది మాకు. దాన్నే వరదపాశం అంటారు. దానికి పెద్ద ఆయనే కాబట్టి ఆ పేరు. తాత నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్లోడు జింకల ప్రయాణం పెట్టుకుంటే వానొస్తాండాదప్పా, ఎవురన్నా గమనించినారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

తర్వాత అసలు కష్టకాలం వచ్చింది. వేరుశనగ పూతపూసి, ఆ పూల నుంచి సాగే ఊడలు భూమిలోకి దిగే సమయం. ఊడ దిగితేనే కాయ. నేల గట్టిపడి ఊడ లోపలికి పోలేక పైనే ఎండిపోసాగింది. నాయన రోజూ చేలోకి పోయి ఒక మొక్క పీకి తెచ్చి వాకిట్లో పెట్టుకుని కూర్చునేవాడు, అన్నం సగమే తినేవాడు. ఊళ్లో కప్పల పెళ్లి చేశారు, వరదపాశం పోశారు, గాడిదల్ని కూడా ఊరేగించారు. ఏదీ పనిచేయలేదు. ఇక మిగిలింది నేనే. ఒక ఉదయం తాతతో సహా పెద్దలంతా మా వాకిట్లోకి వచ్చారు.

"ఏమప్పా, జింకల పార్కుకు ఎప్పుడు పోతాండావు?" అన్నాడు తాత.

"పోయేది లేదులే తాతా. ఈ కరువులో యాడికి పోతాం?"

"అట్లంటే ఎట్లా? పోవాల. పోతామని పెట్టుకోవాల. ఉత్తుత్తిగా పెట్టుకుంటే పనికిరాదు, మనసులో పోవాలని గట్టిగా ఉండాల. కప్పల పెండ్లప్పుడు మనం ఉత్తుత్తిగా చేసినామా?"

నేను నాయన వైపు చూశాను. ఇలాంటివన్నీ పిచ్చిమాటలని కొట్టిపారేసే మనిషి, ఆ రోజు కళ్లు దించుకుని, "పెట్టుకోరా. పోయేదేముండాది" అన్నాడు. అప్పుడు లోపలినుంచి మా ఆమె వచ్చి గడపలో నిలబడింది. "నాకు పోవాలని నిజంగానే ఉండాది తాతా. మీకందరికీ వానే కావాల, జింకలు ఎవురికీ వద్దు. నా మనసు గట్టిగుంటే వానొస్తాది, వానొస్తే నేను పోయేది లేదు. ఇదేం న్యాయమప్పా?" అంది. తాత మెల్లగా, "మనసు గట్టిగుండాది. పాస్ అవుతాది" అన్నాడు పక్కవాడితో.

ఆదివారం పొద్దున ఊరంతా మా వాకిట్లోనే ఉంది. జీపు మామ (ఇసుకలోంచి తీయించిన బండిని ఈసారి గుట్టమీద నిలిపి ఉంచాడు) రాతిముఖంతో స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. చిత్రాన్నం మూట సర్దారు, అమ్మ హారతిచ్చింది. మేం ఎక్కి కూర్చున్నాం. ఎవరూ మా వైపు చూడటం లేదు, అందరి తలలూ పైకే. మామ తాళంచెవి తిప్పడు. "కాసేపు చూస్తాం ఉండు" అంటాడు. ఎండ మోకాళ్ల మీదినుంచి ముఖం మీదికి పాకింది. ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలాగా ఉంది. ఒక పిల్లమబ్బు కనిపిస్తే పెద్దాళ్లందరూ లేచి నిలబడ్డారు, అది నెల్లూరు దారి పట్టింది. జీవితంలో మొదటిసారి నేను కూడా నా ప్రయాణం చెడిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన రెండుసార్లు అడక్కుండా చెడగొట్టి, అడిగిన రోజు మాత్రం పట్టించుకోలేదు.

ఒక్కొక్కరే లేచి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అన్నా బాగుండేది. చివరికి నాయన జీపు దగ్గరకు వచ్చి, "పోండి, పోయి చూసి రాండి. ఈడుండి చేసేదేముండాది" అన్నాడు. మాకు ఏ అడ్డూ లేని ప్రయాణం అదొక్కటే. మా ఆమె ఆయన ముఖం చూసింది, జీపు దిగింది, చిత్రాన్నం మూట తీసుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం నాయన చేను దగ్గరకు పోతే మేమిద్దరం చిత్రాన్నం మూట తీసుకుని వెనకే వెళ్లాం. గట్టు ఎక్కేసరికి చేలో ఏవో కదులుతున్నాయి. జింకలు. మెలికలు తిరిగిన కొమ్ములతో నల్లగా ఒకటి, చుట్టూ గోధుమ రంగువి కొన్ని. ఎక్కడా పచ్చిక లేక ఎంత దూరం నుంచి వచ్చాయో, వాటికి తెలివుందన్న నాయన మాటను కూడా అబద్ధం చేసి, మా చేలోనే ఎండిపోగా మిగిలిన వేరుశనగ ఆకు తింటున్నాయి. నేను అరుస్తూ రాయి అందుకున్నాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తిననీలేరా. పంట మనకెట్లా రాలా. వాటికన్నా రానీ" అని గట్టుమీద చతికిలబడ్డాడు. ఆయన్ని అంత ఓడిపోయి కూర్చోగా అంతకుముందు చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

మా ఆమె ఏడవలేదు, నవ్వలేదు. జింకల వైపే చూస్తూ, "మా అంచులో జింకలు ఎప్పుడూ ఎగురుతాంటాయి" అంది. మళ్లీ నాయన వైపు తిరిగి, "ఇవి తల ఎత్తనే ఎత్తవు కదా మామా. ఎంత ఆకలిగా ఉండాయో పాపం" అంది. నాయన తలూపాడు. ఆమె ఆ చిత్రాన్నం మూట విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నాడు. (తర్వాత పుట్టింటికి పోయినప్పుడు ఆమె తల వంచుకుని మేసే జింకల్ని అంచులో వేస్తానంటే, చీరలు కొనే షావుకారు "ఆకలేసిన జింకల చీర ఎవురు కట్టుకుంటారమ్మా?" అని ఒప్పుకోలేదట.)

ఆ జింకల పార్కుకు మేం ఇప్పటికీ పోలేదు. నాయన లేడు, తాత లేడు, జీపు పాత ఇనుము కింద పోయింది. బత్తలపల్లెలో ఇప్పుడు నాకే ఒక వైండింగ్ షాపుంది. వాన ఎప్పుడొస్తుందో చేతిలో ఫోనే చెబుతుంది, చెప్పినా రాదు. ఇస్త్రీ ప్యాంటు వేసుకుని జీపులో కూర్చుని, వాన రావాలో రాకూడదో తేల్చుకోలేక చెమటలు కక్కిన ఆ కుర్రవాడు గుర్తొస్తే జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. ఈ ఏడూ ఊడ దిగే సమయానికి చినుకు లేదు. నేను మొన్న ఒక మొక్క పీకి తెచ్చి, నాకు తెలియకుండానే నాయన కూర్చునే చోటే కూర్చున్నాను. మా ఆమె అది చూసి, "ఆదివారం జింకల పార్కుకు పోదామా?" అంది.

"నిజంగానా, ఉత్తుత్తిగానా?" అన్నాను.

"నాకు పోవాలని ఎప్పుడూ నిజంగానే ఉండాది" అని, ఆమె లోపలికి పోయి ఇస్త్రీకి ఇవ్వడానికి నా ప్యాంటు తీసింది.