డొల్ల పలికిన మోకాలు

ఇరవై ఆరేళ్లుగా టైల్స్ మేస్త్రి బతుకంతా మోకాళ్ల మీదే సాగింది. పరిచిన ప్రతి టైలునీ సుత్తి పిడితో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. గట్టిగా పలికితే సరే. డొల్లగా పలికిందంటే కింద గాలి చేరినట్టే, పీకి మళ్లీ వేయాల్సిందే.

ఆ చెవే ఆయన కొంప ముంచింది.

ఎడమ మోకాలి చిప్ప కింద రేగుపండంత గడ్డ లేచింది. మోకాలు నేలకి ఆనిస్తే ప్రాణం జివ్వుమనేది. ఒకరోజు స్నానాల గదిలో గడియ పెట్టుకుని, దాన్ని వేలితో తట్టి విన్నాడు. డొల్లగా పలికినట్టే అనిపించింది. వెంటనే అన్న గుర్తొచ్చాడు. అన్నకి తొడ మీద ఇంతే గడ్డ. ఆర్నెల్లకి కాలు తీసేశారు, ఏడాది తిరక్కుండా మనిషే పోయాడు.

ఎవరికీ చెప్పలేదు. ఎత్తు లేచిన టైలుని అణిచినట్టు దీన్నీ అణిచేద్దామనుకున్నాడు. రబ్బరు సుత్తికి గుడ్డ చుట్టి రోజూ నాలుగు దెబ్బలు వేసుకున్నాడు. పదిరోజులకి రేగుపండు నిమ్మకాయంత అయింది.

సిమెంటు కలిపే ముసలాయన కనిపెట్టేశాడు.

"ఏం మేస్త్రీ, ఒంటికాలి మీద నిలబడ్డావు? కొంగజపమా?"

"ముల్లు గుచ్చుకుంది లే పెద్దాయనా."

"ముల్లు మోకాలి దాకా ఎక్కొచ్చిందా?"

ఆ మాట సాయంత్రానికి ఇంటికి చేరింది. భార్య ఆయన ప్యాంటు పైకి మడిచి చూసి, జరిగిందంతా కక్కించింది.

"సుత్తితో బాదుకున్నావా? ఇదేమన్నా వంటింటి గచ్చా?"

"చెబితే ఏడుస్తావని..."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. స్కానింగు తీసేంతసేపూ మేస్త్రి కళ్లు మూసుకునే ఉన్నాడు. కళ్ల ముందు అన్న ఖాళీ ప్యాంటు కాలే ఊగుతోంది.

"చిప్పని కింది ఎముకకి కట్టి ఉంచే పట్టీ లాంటిది ఉంటుంది. దాన్లో చిన్న నీటితిత్తి" అంది డాక్టరమ్మ. "మీరు భయపడే క్యాన్సరు కాదు. సుత్తి దెబ్బలకే ఇంత వాచింది. సూదితో నీరు తీస్తాను. మళ్లీ నిండితే ఆపరేషన్."

భార్య కొంగుతో కళ్లొత్తుకుంది.

"మరి మోకాళ్ల మీద కూర్చోవచ్చా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మూడు నెలలు అసలు వద్దు."

"తర్వాత?"

"అప్పుడు చూసి చెబుతాను."

బయట వరండాలో నడుస్తుంటే చెప్పు కింద ఒక టైలు డొల్ల పలికింది. అలవాటు కొద్దీ వంగబోయాడు. సగంలో ఆగి గోడ పట్టుకున్నాడు.

"నొప్పా?" అంది భార్య.

"కాదు" అన్నాడు, ఆ టైలు వంకే చూస్తూ. "నిలబడి చేసే పని నాకు ఒక్కటీ రాదే."